కట్టు మీది అక్షరాలు

మొన్న సెలవులకు వచ్చినప్పుడు మా బిడ్డ తన ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందర పెట్టింది. "అమ్మా, నువ్వు చెప్తుంటవు గద, రాజుల ఆట, కట్టె కొట్టేటోళ్ల ఆట అని. ఇదేనా చూడు" అన్నది.

చూసిన. ముందు గుర్తుపట్టలేదు. ఇందుల చెట్ల ఆకులు ఊగుతున్నయి, నీళ్లు మెరుస్తున్నయి. నేను ఆడిన ఆటల నీళ్లు నీలం గుడ్డ పరిచినట్టు ఉండేటివి. ఇది కాదే అందామనుకున్న. అంతట్లనే ఒక మనిషి చెట్టు దగ్గరికి పోయి గొడ్డలి ఎత్తిండు. ఠక్, ఠక్. ఆ సప్పుడు మారలేదు.

"ఇదే" అన్న.

ఆట తెలియనోళ్లకు ఒక మాట చెప్త. ఖాళీ జాగల ఒక ఇల్లు, దాని చుట్టూ ముగ్గురు నలుగురు పనోళ్లు ఉంటరు. వాళ్లను నువ్వే తోలాలె. కట్టె కొట్టిపియ్యాలె, పండ్లు తెంపిపియ్యాలె, గొర్రెలు కోయించాలె, పొలం చేయించాలె. అంత కూడినంక కోట, సైన్యం. అవతల ఇంకొక రాజు ఉంటడు, వాడు నీ మీదికొస్తడు. కత్తుల కాలం, గుర్రాల కాలం. నేను దాన్ని కాలు ఇరిగిన ఎండాకాలం ఆడిన, సారపాకల, పైల్వాన్ ఇంటి వెనక రేకుల వసారాల, మంచం మీద పండుకొని. అప్పటికి నాకు పదిహేడేళ్లని మా అయ్య చెప్పేటోడు. గోదారి మా గడ్డివాము దాక వచ్చిన ఏడు నేను పాకుతున్ననట, అదే ఆయన లెక్క. అప్పటికి నాకు ఒక్క అక్షరం రాదు.

కాలు ఎట్ల ఇరిగిందో చెప్త. మా అడవి ఊర్లల్ల కొత్త పండుగ చెయ్యనిదే కొత్త కాయ నోట పెట్టరు. మామిడి అయినా, చిక్కుడు అయినా అంతే. ఊరు పూజారి దినం చెప్పాలె, అందరు కలిసి అమ్మవారికి పెట్టాలె, కోడిని కొయ్యాలె, ఆ తర్వాతనే పిల్లైనా పెద్దైనా తినాలె. ఆ ఏడు పూజారి ఇంట్ల చావు అయ్యి కొత్త వెనకకు జరిగింది. కాయలేమో జల్దీ పండినయి. మేకలు తోలుకపోయిన కాడ వాగు ఒడ్డున ఒక చెట్టుంది. దాని కింద నిలబడితే వాసనకు తల తిరుగుతది. మూడు దినాలు ఓపిక పట్టిన. నాలుగో దినం ఎక్కిన.

రెండు కాయలు చెట్టు మీదనే తిన్న. మూడోదానికి చెయ్యి చాపిన. కొమ్మ ఇరిగింది.

బండ మీద పడ్డ. తొడ ఎముక, మోకాలికి జానెడు పైన. మేకలు ఇంటికి పోయినయి, నేను పోలేదు. పొద్దు వాలేయాల్లకు అయ్య వెతుక్కుంట వచ్చిండు. ఎండుకట్టెలకు చెట్టు ఎక్కిన అని చెప్పిన. ఆయన నా మూతి దిక్కు చూసిండు. మామిడి సొన తగిలి పెదవి పక్కన కాలి నల్లగ పొంగి ఉన్నది. నన్ను భుజాన ఎత్తుకున్నడు. కాని ఆ మచ్చ ఊరంతా చూసింది. మంచం కట్టి నన్ను రోడ్డుకు మోసేటప్పుడు పూజారి వచ్చి అయ్యతోని చెప్పిండు: "పిల్ల తన కాళ్ల మీద నడిచొచ్చి అమ్మవారికి కోడి ఇచ్చేదాక మీ ఇంటికి కొత్త లేదు. మీరెవ్వరు కాయ ముట్టొద్దు."

"అవ్" అన్నడు అయ్య. అంతే.

ఆ రోజులల్ల సారపాక పోవాలంటే మాకు వెదురు లారీలే బస్సులు. కాగితాల మిల్లుకు పోయే లోడు మీద నన్ను మంచంతోని కట్టేసిండ్రు. ఊరు రాకముందే వాసన వచ్చింది. నానేసి మరిచిపోయిన వెదురు కొమ్ములు మురిగితే వస్తది చూడు, ఆ వాసన. దినమంత అదే. పది దినాలైనంక ఆ వాసన లేని గాలి ఎట్లుంటదో మరిచిపోయిన.

పైల్వాన్ సాబ్ అంటే కుస్తీలు పట్టేటోడు కాదు, ఎముకలు కట్టేటోడు. వాళ్ల తాతల కాలం నుంచి అదే పని. ఆ చుట్టుపక్కల చెట్టు మీంచి పడ్డోళ్లు, లారీ కింద పడ్డోళ్లు, ఎద్దు పొడిచినోళ్లు ఆయన వసారాలనే పండుకునేటోళ్లు. దవాఖానాకు పోతే కాలు కోస్తరని మావోళ్లకు భయం. ఆయన కోడిగుడ్డు తెల్లసొన, మినప్పిండి కలిపి పాత ధోతి పేలికలకు పూసి, వెదురు బద్దలు పెట్టి చుట్టేటోడు. ఆరితే కర్ర లెక్క అయితది. తొడ నుంచి పిక్క దాక నా కాలును కట్టెను చేసిండు.

అయ్యతోని గట్టిగ చెప్పిండు. "నలభై దినాలు కట్టు. ప్రతి జుమ్మాకు విప్పి మారుస్త. నలభై దాటినంక ఒక్క దినం కూడ ఉంచొద్దు. నూనె పెట్టి మోకాలు మడవాలె. ఏడ్చినా మడవాలె. ఆలస్యం చేస్తే మోకాలు తుప్పు పట్టిన మడతబందు అయితది. ఇక ఎవ్వడు మడవలేడు."

అయ్య తల ఊపి పనికి పోయిండు. అడవిల వెదురు కొట్టే కూపుల ఉన్నడు, రోజు పోతే పోయినట్టే. నన్ను చూసుకునేది పైల్వాన్ బిడ్డ. ఆమెను అందరు ఆపా అనేటోళ్లు, నేను గట్లనే అన్న. నాకన్న మూడు నాలుగేళ్లు పెద్ద.

మంచం మీద బతుకు గురించి ఏం రాయాలె. రేకుల కింద ఎండ. కట్టు లోపల చీమలు పాకినట్టు దురద. చీపురుపుల్ల దూర్చి గోకుతుంటి. ముంత పెట్టేది ఆపానే, ఎత్తేది ఆపానే. మొదటి దినం సిగ్గుతోని పొద్దుందాక నీళ్లు తాగలేదు. ఆమె చెంబు నోటికి పెట్టి "నువ్వు తాగకపోతే నాకు పని తగ్గుతది అనుకుంటున్నవా? ఎండకు పడిపోతవు, అప్పుడు రెండు పనులు" అన్నది. మిల్లు సైరన్ కూసినప్పుడు తెల్లారింది అనుకునేది, మళ్ల కూస్తే మధ్యాహ్నం. గోడ అవతల లారీలు నిలబడి ఉంటయి, డ్రైవర్లు తిట్టుకుంటరు. అడవిల పెరిగినదాన్ని, నాకు కనబడే ఆకాశం వసారా చూరుకు, ప్రహరీ గోడకు మధ్యన బెత్తెడు.

నా పక్క మంచంల దుమ్ముగూడెం అవ్వ ఒకామె ఉండేది. మణికట్టు ఇరిగింది. నోరు మాత్రం మంచిగుంది.

ఆపా రూముకు వసారాల పడే కిటికీ ఒకటి ఉండె. ఆ కిటికీ దగ్గర టేబుల్ మీద కంప్యూటర్. వాళ్ల అన్నకు ముందర వీధిల టీవీలు బాగుచేసే దుకాణం ఉండె. ఎవరో ఆఫీసరు బదిలీ అయ్యి పోతూ రిపేరుకు ఇచ్చిండట, మళ్ల రాలేదు. దుకాణంల దుమ్మని ఇంట్ల పెట్టించిండు. రోజు జరసేపు నడిపియ్యమని, లేకుంటే చీమలు పడతయని చెల్లెకు చెప్పిండు. దాంట్ల ఈ ఆట ఉండె. మగోళ్లు తిని కునుకు తీసే ఏళకు ఆపా చీమల్ని తోలేది.

మొదట నేను గొడ్డలి సప్పుడు విన్న. మా అయ్య పని సప్పుడు. ఎవరు కొడుతున్నరని మెడ తిప్పి చూస్తే అద్దంల చిన్న మనిషి.

"ఎవలు వాళ్లు?" అన్న.

"మన కూలోళ్లు" అన్నది ఆపా.

"ఎవని అడవి?"

ఆపా ఆగి నా దిక్కు చూసింది. "ఎవనిదీ కాదు. నేను కొట్టిపిస్తే నాది."

"ఫారెస్టోళ్లు రారా?"

ఆమెకు నవ్వు ఆగలేదు. ఆ దినమే నా మంచం కిటికీకి జరిపించింది. రొట్టెలు చేసే పీట నా పొట్ట మీద పెట్టి దాని మీద మౌస్ పెట్టింది. పండుకొనే రాజ్యం చేసిన.

నేను చేసిన మొదటి పని చెప్తే ఇప్పటికీ మా బిడ్డ నవ్వుతది. ఆటల ఇంటి పక్కన ఎర్రపండ్ల పొదలు ఉంటయి. పనోళ్లను పంపితే తెంపుక వస్తరు. నేను పంపలేదు. ముందు ఒక గొర్రెను పొదల దగ్గరికి తోలిపిచ్చి అక్కడ కోయించిన. కొత్త చెయ్యకుంట పండు తెంపితే ఏమైతదో నా కాలును అడుగు. ఆపా తల కొట్టుకున్నది. "అవతలోడు గుర్రాలు తయారుజేస్తుండు, ఈమె పండుగ చేస్తుంది."

దుమ్ముగూడెం అవ్వ లేచి కూర్చుని "చెయ్యనియ్యి తల్లీ, దేవుడు లేని ఊరు నిలుస్తదా" అన్నది. ఆ చిన్న మనుషులు పని చెప్తే ఏదో గొణిగేటోళ్లు. ఏం భాషనో. "మావోళ్లు కాదు, మీవోళ్లు కాదు. గోదారి అవతలోళ్లేమో" అనేది అవ్వ.

రెండో తప్పు ఇంకా పెద్దది. శత్రువు వచ్చి రెండుసార్లు ఊరు కాల్చిండు. మూడోసారి ఊరు చుట్టు రాళ్ల గోడ కట్టిన. మా పొలాల దడికి తలుపు ఉండది. దడికి అటొకటి ఇటొకటి పంగల కర్రలు పాతుతం. మనిషి కాలు పెట్టి ఎక్కి దిగుతడు, గొడ్డు ఎక్కలేదు. గట్లనే కట్టిన. ఇల్లు లోపల, పొలాలు బయట, పనోళ్లు లోపల. పొలానికి పొమ్మంటే గోడ దాక పోయి నిలబడ్డరు. ఇంకో దిక్కు పోయిండ్రు, అక్కడ నిలబడ్డరు. చుట్టు తిరిగి తిరిగి అందరు ఒక మూలకు చేరిండ్రు.

"దర్వాజా ఏది?" అన్నది ఆపా.

"మనుషులకు దర్వాజా ఎందుకు? ఎక్కి దుంకరా?"

"దుంకరు. వాళ్లకు రాదు."

అవ్వ మెడ చాపి చూసింది. "వాళ్లకు కూడ నీలెక్కనే కాళ్లు ఇరిగినయా ఏంది?"

అందరం నవ్వినం. తిండి అయిపోయింది. వాళ్లు ఆ మూలకు నిలబడే ఉన్నరు. నేను చాలాసేపు చూసిన. ఆపా ఆట మార్పిద్దామంటే వద్దన్న. ఎందుకు వద్దన్ననో అప్పుడు తెల్వదు.

అక్షరాల సంగతి ఆట నుంచే వచ్చింది. ఆట ఆపినప్పుడు దానికి ఒక పేరు కొట్టాలె, లేకుంటే రేపు దొరకది. ఆపా నాతోని కొట్టిచ్చేది. నాకు ఇంగ్లీషు అక్షరాలు కీబోర్డు మీద ఉన్న వరుసలనే వచ్చినయి. తర్వాతెప్పుడో అసలు వరుస చూసి, ఎవరో కలిపేసిండ్రు అనుకున్న. ఒక దినం ఆపా పెన్ను తెచ్చి నా కట్టు మీద అ, ఆ రాసింది. ఆరిన మినప్పిండి మీద పెన్ను మంచిగ నడుస్తది. దిద్దుకుంట పోయిన. తొడ మీద అచ్చులు, మోకాలు మీద క, ఖ. జుమ్మా నాడు పైల్వాన్ సాబ్ నమాజు నుంచి వచ్చి కట్టు విప్పబోయి ఆగిండు.

"ఇది కట్టా, పలకనా?" అన్నడు.

"రెండూ, అబ్బా" అన్నది ఆపా తండ్రితోని.

ఆయన అద్దాలు పెట్టుకొని కాలంతా చదివిండు. "ఙ తప్పు రాసినవు" అన్నడు. తర్వాత ఏ అక్షరం చిరగకుంట మెల్లగ విప్పిండు. వారానికి ఒక కొత్త పలక దొరికేది నాకు.

అయ్య వారానికి ఒకసారి వచ్చేటోడు. ఎండబెట్టిన ఇప్పపువ్వు తెచ్చేటోడు, తేనె తెచ్చేటోడు. ఆపావాళ్లకు ఇచ్చేటోడు. వాళ్లు ఆయనకు అన్నం పెట్టేటోళ్లు. ఒకసారి కంచంల మామిడికాయ పప్పు వచ్చింది. ఆయన కంచం పక్కకు జరిపి, ఉత్త అన్నంల ఉప్పు, పచ్చి ఉల్లిగడ్డ ఏసుకొని తిన్నడు.

"ఎందుకు సాబ్, బాలేదా?" అన్నది ఆపా.

"మా ఇంట్ల ఇంకా కొత్త కాలేదు తల్లీ. పిల్ల నడిచినంక" అన్నడు.

అప్పటికి మా ఊర్ల అందరు తిన్నరు. మా అమ్మ, నా ఇద్దరు తమ్ముళ్లు చెట్టు కింద పండ్లు రాలుతుంటే చూసుకుంట తిరుగుతున్నరు. చిన్నోడు ఒకసారి ఏడిస్తే అమ్మ కొట్టిందట. ఇదంతా అయ్య చెప్తుంటే విన్న. చెవులున్నయి, విన్న.

ఇక్కడి నుంచి నా పాపం రాస్త.

నలభై దినాలు దాటిన జుమ్మా వచ్చింది. కాలుల నొప్పి లేదు, ఆ ముందు వారమే పోయింది. పైల్వాన్ సాబ్ కట్టు విప్పి ఎముక మీద బొటనవేలు పెట్టి నొక్కిండు. నేను అరిచిన.

ఆయన వేలు ఆగింది. "ఇక్కడనా?"

"అవ్."

"పోయిన వారం ఇక్కడ లేకుండె గద."

"ఇప్పుడుంది."

ఆయన కాలు దిక్కు చూడలేదు, నా మొఖం దిక్కు చూసిండు. అప్పుడు తలుపుల నుంచి ఆపా అన్నది, "అవును అబ్బా, రాత్రి మూలుగుతనే ఉన్నది. నేను విన్న."

నేను మూలగలేదు. ఆమెకు తెలుసు. వానలు పడ్డంక ఆమె నిఖా. వేరే ఊరు, వేరే ఇల్లు. అప్పటిదాక గడప దాటొద్దన్నరు. నేను పోతే ఆమె ఒక్కతే చీమల్ని తోలాలె. మేమిద్దరం దాని గురించి ఒక్క మాట కూడ మాట్లాడుకోలేదు. ఆయన లోపలికి పోయినంక ఆమె వచ్చి పీట నా పొట్ట మీద పెట్టింది.

చదువు మీది ప్రేమతోని అబద్ధమాడిన అని రాస్తే చదివేటోళ్లకు బాగుంటది. అది నిజం కాదు. అక్షరాలు పక్కన వచ్చినయి. నేను ఆ రాజును ఓడగొట్టాలె. అప్పటిదాక ఒక్కసారి కూడ గెలవలేదు. ఒక్కసారి గెలిచి పోత అనుకున్న. అంతే, అంత చిన్న సంగతి.

పైల్వాన్ సాబ్ మళ్ల కట్టు కట్టిండు. కట్టుకుంట తనలో తను అన్నట్టు, "ఎముక అతికిందని వేలు చెప్తుంది. లేదని పిల్ల చెప్తుంది. వేలు ముసలిదైంది కావచ్చు" అన్నడు.

తర్వాతి జుమ్మాకు మళ్ల అరిచిన. ఆ తర్వాత కూడ. దుమ్ముగూడెం అవ్వ చెయ్యి బాగయ్యి వెళ్లిపోతూ నా చెవుల "పడుకొని తినుడు మంచిగుంటది గని, జల్దీ లే బిడ్డ" అన్నది. ఆమెకు తెలిసే ఉంటది. అయ్య వచ్చి, ఇంకా నొప్పే అని విని, బయట గోడకు ఆనుకొని కూర్చున్నడు. పూజారి చెప్పినట్టు నేనొక కోడిని ఇచ్చిన, అయినా అమ్మవారి కోపం పోలేదు అన్నడు. "నీ మీద కాదు బిడ్డ, నా మీదనే. నేను నిన్ను ఒక్కదాన్ని మేకలకు పంపిన" అన్నడు. నేను గోడ దిక్కు మర్లి పండుకున్న. ఇప్పుడు చెప్తే ఇద్దరం దొంగలమైతం, నేను, ఆపా. చెప్పకపోతే కాలు కట్టుల. ఏ దిక్కు చూసినా తొవ్వ లేదు. పైల్వాన్ మాట, తుప్పు పట్టిన మడతబందు, నాకు గుర్తుంది. గుర్తుండి కూడ ఇంకొక వారం అన్న.

నాలుగో అబద్ధపు వారంల గెలిచినం. ఆ రాజు కోట కూలింది. తెర మీద పెద్ద అక్షరాలు వచ్చినయి. "నువ్వే చదువు" అన్నది ఆపా. కీబోర్డు మీద ఏది ఎక్కడుంటదో గుర్తుచేసుకుంట ఒక్కొక్క అక్షరం చెప్పిన. ఆమె కలిపి చెప్పింది, గెలుపు అని. ఇద్దరం తెర దిక్కు చూసుకుంట కూర్చున్నం. ఇంకేం కాలేదు. ఏమైతదనుకున్ననో నాకే తెల్వదు. ఆపా లేచి మీట నొక్కి ఆర్పేసింది. ఆమె మళ్ల దాన్ని పెట్టంగ నేను చూడలేదు.

జుమ్మా నాడు ఆయన నొక్కితే "లేదు" అన్న.

కట్టు మొత్తం విప్పిండు. కాలు ఎండిన కందికట్టె లెక్క ఉన్నది. ఆయన ఒక చెయ్యి తొడ కింద, ఒక చెయ్యి మడమ కింద పెట్టి మడవబోయిండు. వంగలేదు. మళ్ల చూసిండు. ఈసారి నేను నిజంగ అరిచిన, మిల్లు గేటు దాక వినబడేటట్టు. ఆయన చేతులు తీసి ఒళ్లె పెట్టుకున్నడు. ఆ పెద్ద చేతులు ఖాళీగ ఉండంగ అదే మొదటిసారి చూసిన.

పదిహేను దినాలు నూనె కాచి పోసి మడిచిండు. ఆపా నా భుజాలు పట్టుకునేది. ఆమె కూడ ఏడ్చేది, కాని తల ఎత్తి నా మొఖం చూడకపోయేది. బెత్తెడు వంగింది మోకాలు. అంతే, అక్కడ ఆగింది.

అయ్య తీసుకపోను వచ్చిన దినం పైల్వాన్ సాబ్ ఆయనను పక్కన కూర్చోబెట్టుకున్నడు. "తప్పు నాది" అన్నడు. "నలభైకి విప్పాలె, విప్పలేదు. వేలు చెప్పింది, నేను వినలేదు. నీ బిడ్డకు గొంతుక్కూర్చోను వస్తలేదు. నాకు ఏ శిక్షైనా వెయ్యి."

అయ్య తన తుండుగుడ్డతోని ఆయన చేతుల నూనె తుడిచిండు. "నడుస్తది గద సాబ్. చాలు" అన్నడు.

నేను వాళ్లకు మూరెడు దూరంల నిలబడి ఉన్న, మొదటిసారి నా కాళ్ల మీద. నోరు తెరిస్తే అయిపోయేది. ఆపా తలుపు చాటున ఉన్నది. తెరవలేదు.

ఇంటికి పోయి అమ్మవారికి కోడిని ఇచ్చిన. అప్పటికి వానలు పడి మామిడి అయిపోయింది. పూజారి తన ఇంట్ల ఎండబెట్టిన ఒరుగులు తెప్పించి మావోళ్ల చేతుల తలా ఒక ముక్క పెట్టిండు. అయ్య దాన్ని నోట్లె పెట్టుకొని చాలాసేపు చప్పరించిండు. తీయగున్నదని అన్నడు. ఒరుగు పులుపు, తీపి ఎక్కడిది.

మా ఊర్ల ఆడోళ్ల పనంత కూర్చొని చేసేదే. ఇప్పపువ్వు ఏరాలన్నా, తునికాకు కట్ట కట్టాలన్నా, వరి నారు పీకాలన్నా మోకాలు మడవాలె. నాకు ఒక కాలు ముందరకు చాపి కూర్చునుడే వచ్చు. అందుకే బడికి పోయిన, ఎదిగినంక, చిన్న పిల్లల మధ్యన, కాలు చాపుకొని. తర్వాత చదువు రాని ఆడోళ్లకు అక్షరాలు చెప్పే పని దొరికింది. కుర్చీ ఉన్న పని. ఊరూర తిరిగిన. పోయిన ప్రతి ఊర్ల అడిగిండ్రు, కాలుకేమైందని.

"పైల్వాన్ కట్టు" అని చెప్పిన.

అది చాలు. మా దిక్కున మాట గాలి కన్న జల్దీ పోతది. ఆయన చెయ్యి చెడ్డదట, ఫలానా పిల్లను కుంటిదాన్ని చేసిండట. మా అడవి ఊర్లోళ్లు ఆయన దగ్గరికి పోవుడు మానేసిండ్రు. నేను అబద్ధం చెప్పలేదని నాకు నేను చెప్పుకునేదాన్ని. కట్టింది ఆయనే గద.

ఆ పనిల చేరిన రెండేళ్లకు భద్రాచలం బస్టాండ్ల ఆయనను చూసిన. ఆయననే నన్ను ముందు చూసిండు. మొఖం కాదు, నడక. "ఆగు బేటీ, అక్కడిదాక నడిచి రా" అన్నడు, జనంలనే. నడిచిన. ఆయన వంగి నా మోకాలు దిక్కు చూసిండు, చీర మీది నుంచే. చూసి నిలబడ్డడు.

"ఆపా ఎట్లున్నది?" అన్న.

"ఖమ్మంల ఉన్నది. ఇద్దరు పిల్లలు. నువ్వు చదువు చెప్తున్నవని విన్నదట, సంతోషపడ్డది." ఆ వెంటనే, "నేను కట్లు మానేసిన" అన్నడు. "వేలు మీద నమ్మకం పోయింది. నమ్మకం లేని చెయ్యి ఇంకొకరి ఎముక మీద పెట్టొద్దు."

నా బస్సు కదులుతుంది. కండక్టర్ అరుస్తుండు. "పోయొస్త సాబ్" అన్న. ఎక్కిన. కిటికీల నుంచి చూస్తే ఆయన ఇంకా నా కాలు పోయిన దిక్కే చూస్తుండు. మళ్ల కలవలేదు. పోయిండని కొన్నేళ్లకు తెలిసింది. అయ్య కూడ పోయిండు.

మా బిడ్డ ఆట ఆడుకుంట మొన్న మళ్ల అదే మాట అన్నది, ఇన్నేళ్లు నేను నేర్పిన మాట. "ఆ పైల్వాన్ దగ్గరికి పోకపోతే నీ కాలు మంచిగుండేది అమ్మా. మొరటు వైద్యం, ప్రాణాల మీదికి తెస్తరు."

నేను చెప్పిన. మొత్తం చెప్పిన, పైన రాసినట్టే. ఆమె ఆట ఆపి విన్నది. తర్వాత అడిగింది, "ఆయనకు చెప్పినవా?"

"లేదు."

"తాతకు?"

"లేదు."

"ఎవ్వలకు?"

"నీకే."

ఆమె ల్యాప్‌టాప్ మూసి పక్కకు పెట్టింది. నన్ను ఓదార్చలేదు, తిట్టలేదు. "నాకొక్కదానికి చెప్తే ఏం లాభం" అన్నది. మాట నిజమే.

అందుకని రాస్తున్న. నేను అక్షరాలు నేర్పిన ఆడోళ్లు ఆ ఊర్లల్ల ఉన్నరు, వాళ్లకు చదువొస్తది. నా కాలు చూసి పైల్వాన్ చెడ్డోడని మీ ఇండ్లల్ల చెప్పుకున్నరు. ఇప్పుడు ఇది మీ ఇండ్లల్ల గట్టిగ చదవండి. ఆయన నలభై దినాలకే నా ఎముక అతికిచ్చిండు. వేలు పెట్టి చూసి అతికిందని చెప్పిండు. ఆ వేలు ఒక్కసారి కూడ తప్పు చెప్పలేదు. అరిచింది నేను.